మూడో రౌండులో ఎరుపు

సంచి సర్దడం మొదలుపెట్టగానే నాంచారమ్మ, మనవరాలు తిరిగొచ్చేటప్పుడు వేసుకునే బట్టలు అన్నిటికంటే అడుగున పెట్టింది. ఉతికి, ముడతలు పోవడానికి తలగడ కింద ఉంచిన గళ్ళ చుడీదారు, దాని చున్నీ. వాటి మీద పోటీ సామాను ఒక్కొక్కటే పేర్చింది. వేళ్ళు బయటికి కనబడే పొట్టి గ్లవుజులు, పళ్ళకి తొడుక్కునే రబ్బరు ముక్క ఉన్న డబ్బీ, చేతికి చుట్టుకునే గుడ్డ పట్టీలు, రెండు తువ్వాళ్ళు. పేర్చినవాటిని అరచేత్తో అదిమింది. ఏదో మరిచిపోయానన్న గాబరాతో మళ్ళీ అన్నీ బయటికి తీసింది. అడుగున చుడీదారు ఉందని చూసుకుని మళ్ళీ పేర్చింది.

ఉష గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని మండపీతలకు తాళ్ళు కడుతోంది. ప్రయాణం రోజైనా ఆ పని ఆగదు. గిలకలదిండి రేవు నుంచి పీతలు ప్రాణంతోనే బెజవాడ చేరాలి. బుట్టలో చెయ్యి పెట్టి, వెనకవైపు నుంచి డొప్పను నొక్కిపట్టి, కరిచే కాళ్ళు రెండూ లోపలికి మడిచి, తాడు రెండు చుట్లు తిప్పి ముడేస్తుంది. పీత ఎంత గింజుకున్నా ఉష చేతికి గీత పడదు, పీత కాలు విరగదు. కాలు విరిగిన పీతను కొనేవాడు పక్కకి గిరాటేస్తాడు. చిన్నప్పుడు ఆ చేతుల మీద తన చేతులు వేసి నాంచారమ్మే నేర్పింది. గట్టిగా పట్టుకో, నొప్పి పెట్టకు అని.

"మూడు రోజులకి ఇంత సంచెందుకు మామ్మా?"

"ఉండనీ. నువ్వు నాకిచ్చిన మాట గుర్తుందా?"

"పొద్దుట్నుంచీ ఎన్నిసార్లు అడుగుతావ్? ఓడిపోతే మానేస్తాను. ఇంటికొచ్చేస్తాను. అమ్మ చెప్పిన రొయ్యల కంపెనీలో చేరతాను. చాలా?"

"గెలిస్తే?"

"గెలిస్తే పుణె. ఏడాది క్యాంపు. అదీ చెప్పాను."

నాంచారమ్మ సంచి మూతి బిగించింది. నోరు ఎండిపోయింది. ఈ ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా ఆవిడకి ముందు నోరే ఎండిపోతుంది. రేవుకి వెళ్ళి పడవల్ని సాగనంపడం ఎప్పుడో మానేసింది. పడవ చిన్నదైపోతుంటే చూస్తూ నిలబడే ఓపిక ఇక లేదు. ఈసారి సాగనంపే పని పెట్టుకోకుండా తనే వెంట బయల్దేరింది.

ఉష తల్లి గంగాదేవి రొయ్యల కంపెనీకి వెళ్ళే ఆటో కోసం పరిగెడుతూ, "నువ్వు అక్కడ ఏడ్చి దాన్ని బెదరగొట్టకు అత్తా!" అని అరిచి వెళ్ళింది.

"నేనెందుకేడుస్తాను?" అంది నాంచారమ్మ, ఆటో మలుపు తిరిగాక.

*

బెజవాడ ఆటోనగర్లో లేతు మిషన్ల షెడ్డు మీద రేకులు వేసిన పెద్ద గది. కింద ఇనుం కోసే చప్పుడు, పైన పిల్లలు పరుపుల మీద పడే చప్పుడు. గుద్దులూ కుస్తీపట్లూ కలిసిన ఈ ఆటకి ఉషకి రెండేళ్ళుగా అదే బడి. కోచ్ దుర్గాప్రసాద్ ఒకప్పుడు కుస్తీలు పట్టినవాడు. చెవులు రెండూ నలిగి అప్పడాల్లా ముడుచుకుపోయి ఉంటాయి. ఆ చెవులు చూసినప్పుడల్లా నాంచారమ్మ కళ్ళు ఉష చెవుల మీదికి పోతాయి.

"టీ తాగండి మామ్మగారూ. ఎల్లుండి మీరు ముందు వరసలో కూచోవాలి."

"అది కాదు నాయనా. ఓడిందీ గెలిచిందీ ఎట్టా చెప్తారు? పడిపోతేనేనా?"

"పడి లేవకపోతే ఓడినట్టే. లేకపోతే జడ్జీలు చెప్తారు." అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "కేజ్‌కి, అదే వాళ్ళు ఆడే బోనుకి, మూడు పక్కల ముగ్గురు కూచుంటారండి. ఒకళ్ళేం వేశారో ఇంకొకళ్ళకి తెలీదు. రౌండు ఎవరిదైతే వాళ్ళకి పది, రెండో అమ్మాయికి తొమ్మిది. అట్టా మూడు రౌండ్లు."

"రౌండు ఎవరిదో ఎట్టా తెలుస్తది?"

"ముందు చూసేది ఎవరివల్ల ఎవరికి ఎక్కువ దెబ్బ తగిలిందీ అని. గుద్దినా, పడేసినా, మెడ పట్టినా, దానివల్ల ఎదటి పిల్లకి ఏమైందన్నదే ముఖ్యం. అది రెండు వైపులా సమానమైతేనే ఎవరు మీదమీదకి వెళ్ళారో చూస్తారు. అదీ సమానమైతే, అప్పుడు చూస్తారు కేజ్‌లో ఎవరి పెత్తనం సాగిందో."

"మా పిల్ల పట్టుకుంటే వదలదుగా."

"అదేనండి నా ఖర్మ!" దుర్గాప్రసాద్ నుదురు కొట్టుకున్నాడు. "పట్టుకుని ఊరుకుంటది. పోయినసారి ఆ గుంటూరమ్మాయి మీద మూడు రౌండ్లూ చాప వేసుకు కూచున్నట్టు కూచుంది. కింద నుంచి ఆ పిల్ల నాలుగు గుద్దింది, గెలిచింది. జడ్జీల తప్పేం లేదు. ఊరికే పట్టుకుంటే ఎవరికీ ఏం కాదుగా?"

పక్కన పట్టీలు చుట్టుకుంటున్న ఉష నవ్వింది. "కొడదామని చెయ్యెత్తుతాను సార్. కాలు విరుగుతదేమో అనిపిస్తది."

"అది పీత కాదే తల్లీ! దానికి ధర కట్టేవాడు ఎవడూ లేడక్కడ!"

అందరూ నవ్వారు. నాంచారమ్మ కూడా నవ్వబోయి ఆగిపోయింది. ఆవిడకి అప్పుడే ఒక సంగతి తట్టింది. ఉష ఓడిపోవాలని ఆవిడ మొక్కుకుంటోంది. ఓడిపోతే పిల్ల ఇంటికొస్తుంది. కానీ ఈ మనిషి చెప్పేదాన్ని బట్టి, దెబ్బ తిన్న పిల్లే ఓడిపోతుంది. ఓడాలి, దెబ్బ తగలకూడదు. అలాంటి ఓటమి వీళ్ళ పద్ధతిలో ఎక్కడా లేదు.

టీ చల్లారిపోయింది. ఆవిడ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని అలాగే కూర్చుంది.

*

మర్నాడు గన్నవరం దగ్గర ఫంక్షన్ హాల్లో పిల్లల బరువులు తూచారు. పెళ్ళిళ్ళు జరిగే హాలే. వేదిక ముందు ఇనుప వల చుట్టిన ఎనిమిది మూలల బోను నిలబెట్టారు. వెనక గోడకి మొన్నటి పెళ్ళివాళ్ళ పేర్లు థర్మోకోల్ అక్షరాల్లో ఇంకా అలాగే ఉన్నాయి. కనబడిన అక్షరమల్లా కూడబలుక్కుని చదివే అలవాటు నాంచారమ్మది. పెళ్ళికొడుకు భానుచందర్ అని చదివి, పెళ్ళికూతురి పేరు బోను అడ్డొచ్చి చదవలేక, వదిలేసింది.

శాటిన్ గుడ్డ తొడిగిన పెళ్ళి కుర్చీల్లో పక్కనే ఒకావిడ కూర్చుని ఉంది. మెడలో నల్లపూసల దండకి చిన్న శిలువ. చేతివేళ్ళకి ఎంత తోమినా వదలని పసుపు, ఆకుపచ్చ రంగులు.

"మీ అమ్మాయా అండీ?" అంది ఆవిడ, తూకం మీద నిలబడ్డ ఉషని చూపిస్తూ.

"మనవరాలు. మీరు?"

"మాది కొండపల్లి. బొమ్మలకి రంగులేస్తాను. నా పేరు తెరేసమ్మ. మా అమ్మాయి రూతు ఆడుతుందండి రేపు." ఆవిడ గొంతు తగ్గించింది. "నేనొస్తాను గానీ చూడను. కళ్ళు మూసుకు కూచుంటాను. పక్కన ఎవరుంటే వాళ్ళు చెప్తారు."

"మరెందుకు రావడం?"

"ఇంట్లో ఉంటే ఇంకా భయం కదండీ!"

నాంచారమ్మకి ఆ మాట ఎంత నచ్చిందంటే, సంచిలోంచి వేరుశనగ ఉండలు తీసి సగం ఆవిడ చేతిలో పెట్టింది. ఇద్దరూ కాసేపు పిల్లల తిండి గురించి, బరువు తగ్గడానికి నీళ్ళు కూడా తాగనివ్వని ఈ దిక్కుమాలిన పద్ధతి గురించి మాట్లాడుకున్నారు. ఈలోగా మైకులో ఉష పేరు పిలిచి, ఆ వెంటనే రూతు పేరు పిలిచారు. ఇద్దరు పిల్లలూ ఎదురెదురుగా పిడికిళ్ళు పెట్టుకుని ఫోటోకి నిలబడ్డారు.

తెరేసమ్మ నములుతున్నది ఆపింది. నాంచారమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది.

"మీ పిల్లతోనా?" అంది తెరేసమ్మ చివరికి.

"ఆఁ."

"గట్టిగా కొడతదా?"

"కొట్టదమ్మా. పట్టుకుంటది, అంతే."

తెరేసమ్మ ఆ మాటకి ఊపిరి తీసుకుంది. "మా రూతు కొడతదండి," అంది, తప్పు చేసినదానిలా.

ఆ మధ్యాహ్నం నాంచారమ్మ ఒక్కతే బెజవాడ అమ్మవారి కొండెక్కింది. లైనులో గంటలు నిలబడింది. గర్భగుడి ముందు దొరికిన ఆ కాస్త సమయంలోనూ అమ్మవారి మొహం చూడ్డానికి ధైర్యం చాలలేదు. పాదాల వైపే చూస్తూ, దెబ్బ తగలకుండా ఓడించు తల్లీ, అంది. వెనకవాళ్ళు తోస్తుంటే ఇంకోసారి అంది. పూజారి ఇచ్చిన కుంకుమ పొట్లం రవికెలో దోపుకుని, మెట్లు దిగేటప్పుడు ప్రతి మెట్టుకీ తడిమి చూసుకుంది.

*

పోటీ రోజు మధ్యాహ్నం, హాలు వెనక పెళ్ళికూతుళ్ళని ముస్తాబు చేసే గదిలో నాంచారమ్మ ఉషకి జడలు వేసింది. జుట్టు కళ్ళలో పడకూడదు, ఎదటివాళ్ళ చేతికి చిక్కకూడదు. పాపిడి తీసి, నెత్తికి అంటుకునేలా పాయలు లాగి అల్లాలి. మనవరాలు కళ్ళు మూసుకుని తల అప్పగించి కూర్చుంది.

నుదుటిన బొట్టు పెట్టనివ్వరని నిన్ననే చెప్పారు. మొహం మీద ఏదున్నా తుడిచేస్తారట. నాంచారమ్మ పొట్లం విప్పింది. చిటికెడుతో చెయ్యి ఆగలేదు. పాపిడి వెంట, మాడు మీద, పొట్లంలో ఉన్న కుంకుమంతా పోసి, దాని మీదుగా పాయలు బిగించి అల్లేసింది. పైకి ఏమీ కనబడలేదు. అరచేతికి అంటింది తన చీరకే తుడుచుకుంది.

"ఏం చేస్తున్నావ్ మామ్మా, ఇంతసేపు?"

"బిగిస్తున్నాను. కదలకు."

ఆ తర్వాత నల్లచొక్కా మనిషి ఒకతను వచ్చి ఉష మొహమంతా తుడిచాడు, గ్లవుజులు నొక్కి చూశాడు, పళ్ళ మధ్య రబ్బరు ముక్క చూశాడు, వెళ్ళమన్నాడు. జడల్లోకి చూడలేదు.

ముందు వరసలో తెరేసమ్మ అప్పటికే కళ్ళు మూసుకుని ఉంది. నాంచారమ్మ వచ్చి పక్కన కూర్చుంటే తడిమి చెయ్యి పట్టుకుంది. "మీరేనా? మీరే చెప్పండి మరి."

"నేనా?"

"అబద్ధం చెప్పరనిపిస్తంది."

గంట కొట్టారు. నాంచారమ్మకి తను కళ్ళు మూసుకునే వీలు లేకుండా పోయింది.

"ఇద్దరూ తిరుగుతున్నారు. మీ పిల్ల చెయ్యి విసిరింది. తగల్లేదు. మళ్ళీ విసిరింది... మా పిల్ల వంగి నడుం పట్టుకుంది. పడేసింది."

"రూతునా?"

"మెల్లిగానే పడింది. ఏం కాలేదు. మా పిల్ల వెనకనుంచి పట్టేసింది."

అవే చేతులు. వెనకవైపు నుంచి ఒత్తిపట్టి, గింజుకుంటున్న చేతిని లోపలికి మడిచి, బరువంతా ఆనించి. నాంచారమ్మకి ఆ చేతులు ఎంత గుర్తో! రూతు కిందనుంచి పొట్టి పొట్టి గుద్దులు గుద్దుతూనే ఉంది. ఉష చెంప ఎర్రబడింది. దుర్గాప్రసాద్ వల పట్టుకుని "కొట్టవే! కొట్టు!" అని అరుస్తున్నాడు. బోను పక్కన ఎత్తు కుర్చీలో జడ్జీ, పొట్టిజుట్టు ఆవిడ, వలకి మొహం ఆనించినంత దగ్గరగా చూస్తోంది. ఆవిడ పేరు రాజేశ్వరి. పుణె క్యాంపుకి పిల్లల్ని ఎంపిక చేసేదీ ఆవిడే.

మొదటి రౌండు అయింది. "మా పిల్లే మీద ఉంది," అంది నాంచారమ్మ, అది మంచి కబురో చెడ్డ కబురో తెలియక. కానీ బోనులో దుర్గాప్రసాద్ ఉష ముందు మోకాళ్ళ మీద కూర్చుని తిడుతున్నాడు. ఆ రౌండు పోయిందే, పోయింది, అంటున్నాడు.

రెండో రౌండులో ఉష కొట్టింది. ఆ పిల్ల చెయ్యి పైకి లేవడం, ఒక్క క్షణం గాలిలో ఆగడం, తర్వాత పడడం నాంచారమ్మ చూసింది. మళ్ళీ లేచింది. ఈసారి ఆగలేదు. రూతు పెదవి ఉబ్బింది.

"ఏమైంది? చెప్పరేం?"

"కొట్టింది తల్లీ."

"ఎక్కడ?"

"పెదవి మీద. రక్తం లేదు. మీ పిల్ల లేచి నిలబడింది. బాగానే ఉంది, కళ్ళు తెరిచే ఉంది."

తెరేసమ్మ ప్రార్థన చేసుకుంటోంది. ఆవిడ గోళ్ళు నాంచారమ్మ మణికట్టులో దిగాయి.

చెరో రౌండు అయిందని వెనక కుర్రాళ్ళు అరుస్తున్నారు. దుర్గాప్రసాద్ ఐసు నీళ్ళలో ముంచిన తువ్వాలు ఉష నెత్తి మీద పిండాడు. నీళ్ళు మెడ మీదుగా కారాయి. వేడి దిగేలా నెత్తిమీద నాలుగుసార్లు అదిమాడు.

మూడో రౌండు నాంచారమ్మ సరిగా చెప్పలేకపోయింది. ఇద్దరూ అలిసిపోయారు. ఒకరు గుద్దితే ఒకరు గుద్దారు. మధ్యలో ఉష పట్టు చిక్కించుకుని రూతుని వలకి అదిమేసింది. వలవైపు తిరిగి ఉన్న రూతు, తన భుజం మీదుగా వెనక్కి మోచెయ్యి విసిరింది. తగిలిందో లేదో ఎవరికీ తెలియలేదు. ఉష తల కాస్త పక్కకి జరిగింది, అంతే. అప్పుడు ఆ పిల్ల నుదుటి పైనుంచి, కణత మీదుగా, చెంప మీదుగా ఎర్రగా ఒక ధార దిగింది. గడ్డం దగ్గర ఆగి, రూతు తెల్లచొక్కా మీద చుక్కలు చుక్కలుగా పడింది. హాలంతా లేచి నిలబడింది.

"ఏంటి? ఏంటా అరుపులు? నాంచారమ్మగారూ!"

నాంచారమ్మ కుర్చీలోంచి సగం లేచింది.

"రక్తమా? ఎవరిది? ఎవరి పిల్లది?"

ఉష గ్లవుజుతో మొహం తుడుచుకుని, ఆ ఎరుపుని చూసుకుని, ఒక్క క్షణం పట్టు వదిలేసింది. ఆ క్షణంలో రూతు తిరిగి రెండు గుద్దింది. మళ్ళీ ఉష పట్టుకుంది. ఇంకా కారుతూనే ఉంది. గంట కొట్టారు.

"మా పిల్లది," అంది నాంచారమ్మ అప్పుడు.

తెరేసమ్మ కళ్ళు తెరిచి బోనుకేసి చూడకుండా ముందు ఆవిడనే చూసింది. చూసి, రెండు చేతుల్తోనూ దగ్గరికి లాక్కుంది.

ఇద్దరు పిల్లల్నీ చెరోపక్కా నిలబెట్టి చేతులు పట్టుకుని, మైకులో చెప్పారు. ఒక జడ్జీ ఉషకి వేశారు. ఇద్దరు రూతుకి వేశారు. రూతు చెయ్యి పైకి లేపారు.

నాంచారమ్మ గుండెల మీంచి బండరాయి దొర్లిపోయింది. పిల్ల ఇంటికొస్తుంది. ఆ వెంటనే, బోనులో నిలబడి ఎరుపూ చెమటా కలిసిన మొహంతో నవ్వడానికి ప్రయత్నిస్తున్న ఉష కనబడింది. నాంచారమ్మ తల దించుకుంది.

డాక్టరు హడావిడిగా ఉన్నాడు. వెనక ఇంకో పిల్లాడికి భుజం కీలు జారింది. జడలు బిగువుగా ఉండి ఆయనకి గాయం దొరకలేదు. "పైపైన చిట్లినట్టుంది, కారడం ఆగింది. జడలు విప్పి కడిగి చూడండి. ఏ దెబ్బకి తగిలిందమ్మా?"

"తెలీదు సార్," అంది ఉష.

"నొప్పి?"

"లేదు."

ఆయన మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. టార్చి వేసి రెండు కళ్ళూ చూశాడు. "తగిలినట్టే తెలీలేదా? రేపు స్కాన్ తీయించండి."

*

పొద్దున్నే ఆటోనగర్ గదిలో, కింద మిషన్లు ఇంకా మొదలవక ముందు, నాంచారమ్మ మనవరాల్ని కిటికీ వెలుగులో కూర్చోబెట్టి జడలు విప్పింది. గాయం రేగుతుందేమోనని ఒక్కో పాయా ఊపిరి బిగబట్టి విప్పింది. రాత్రి ఉష జడలు ముట్టనివ్వలేదు, సరిగా నిద్రపోలేదు.

"మామ్మా. నాకు తెలీలేదు."

"ఏంటి?"

"దెబ్బ. అంత రక్తం కారితే తెలియాలిగా? సార్‌వాళ్ళ ఫ్రెండ్ ఒకాయనకి ఇట్టాగే తలకి దెబ్బలు తగిలి తగిలి, వేడిగిన్నె పట్టుకున్నా తెలీదంట. పిల్లల పేర్లు మర్చిపోతాడంట." గొంతు సన్నబడింది. "నా తల పాడైపోయిందా మామ్మా?"

నాంచారమ్మ వేళ్ళు పాపిడి దగ్గర ఆగిపోయాయి. జుట్టు కుదుళ్ళలో ఎర్రగా, బురదలా, ముద్ద కట్టి ఉంది. వేలితో తీసింది. రెండు వేళ్ళ మధ్య నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. జీవితమంతా చేపల రక్తంలో చేతులు పెట్టిన మనిషికి రెండోసారి చూడాల్సిన పని లేదు. మాడంతా తడిమింది. ఎక్కడా గీత లేదు.

అడిగింది అడిగినట్టే ఇచ్చింది తల్లి. దెబ్బ తగలకుండా ఓడించింది.

"కనబడిందా?"

"చూస్తున్నా."

తలస్నానం చేయించి కడిగేస్తే అయిపోతుంది. చిన్న గీతే, మానిపోయింది అంటే అయిపోతుంది. సాయంత్రానికి బందరు బస్సు. ఉష అప్పుడే తన గ్లవుజులు గోడ మేకుకి తగిలించేసింది, కొత్తగా చేరిన పిల్లలకని. ఇచ్చిన మాట తప్పే పిల్ల కాదు. నాంచారమ్మ కావాలనుకున్నదంతా ఆ గదిలోనే ఉంది. నోరు మూసుకుంటే చాలు.

ఉష మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది. "స్కాన్‌కి నువ్వొద్దు మామ్మా. నేనొక్కదాన్నే వెళ్తాను. ఏదన్నా ఉందంటే అమ్మకి చెప్పకు," అంది.

ఈ పిల్ల రేపట్నుంచీ ఏ పేరు మర్చిపోయినా భయపడుతుంది. రొయ్యల కంపెనీలో నిలబడి, చేతికి చల్లదనం తెలుస్తోందో లేదోనని మాటిమాటికీ చూసుకుంటుంది. నాంచారమ్మకి భయం ఎలా ఉంటుందో తెలుసు. అది ఇంట్లో ఉన్నా వదలదు, పక్కలో ఉన్నా వదలదు. తన భయం తీర్చుకోవడానికి దాన్ని ఈ పిల్ల తలలో పెట్టాలా?

ఆవిడ ఎర్రటి వేళ్ళని ఉష మొహం ముందుకి చాపింది.

"ఇది రక్తం కాదే. అమ్మవారి కుంకుమ. నేనే పోశాను. పొట్లం పొట్లమంతా పోశాను. సారు నీళ్ళు పిండితే కరిగింది. నీ తలకేం కాలేదు. నీకు దెబ్బే తగల్లేదు."

ఉష చాలాసేపు ఆ వేళ్ళనే చూసింది.

"దెబ్బ తగల్లేదా?"

"లేదు."

"నేను బాగానే ఉన్నానా?"

"బంగారంలా ఉన్నావు."

ఉష ముందు నవ్వింది. తర్వాత నాంచారమ్మ ఒళ్ళో తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తర్వాత లేచి కూర్చుంది. "ఓడిపోవాలని మొక్కుకున్నావు కదూ?" అంది.

నాంచారమ్మ తలూపింది. ఉష లేచి వెళ్ళి మేకుకున్న గ్లవుజులు తీసుకుంది.

దుర్గాప్రసాద్ సంగతి విని గది నాలుగు మూలలూ తిరిగాడు. "కుంకుమా? కుంకుమకా రౌండు పోయింది?" అన్నాడు. నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియలేదతనికి. ముగ్గురూ రాజేశ్వరి దిగిన లాడ్జికి వెళ్ళారు. ఆవిడది పుట్టిల్లు చల్లపల్లి. ఇరవై ఏళ్ళుగా పుణెలో ఉన్నా మాట పోలేదు. ఇడ్లీ తింటూ అంతా విని, చెయ్యి కడుక్కొచ్చి కూర్చుంది.

"ఫలితం మారదండి. గంట కొట్టాక మేం చూసిందే చూసినట్టు."

"అన్యాయం కదా మేడం," అన్నాడు దుర్గాప్రసాద్.

"మేం రక్తం చూసి వెయ్యం, దెబ్బ చూసి వేస్తాం. అట్టాగే నేర్పుతాం కూడా." రాజేశ్వరి తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంది. "కానీ ఆ రౌండులో రెండు వైపులా దెబ్బలు సమానం. సమానమైతే మీ అమ్మాయి పట్టుకే వెయ్యాలి నేను. వలకి అదిమిపెట్టింది తనేగా. నా కుర్చీలోంచి ఆ మోచెయ్యి తగిలిందో లేదో కనబడలేదు. ఎరుపు కనబడింది. తగిలిందనుకున్నాను." ఆవిడ నాంచారమ్మ వైపు తిరిగింది. "మీరు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఎందుకు చెప్పారండీ?"

"పిల్ల భయపడుతుందమ్మా," అంది నాంచారమ్మ.

రాజేశ్వరి ఉషని తేరిపార చూసింది. "గెలిచింది కాబట్టి రూతు వస్తుంది. అది దాని హక్కు. ఇంకొకళ్ళని తీసుకునే వీలు నా చేతిలో ఉంది. నిన్న నిన్నే అనుకున్నాను. ఆ చిన్న దెబ్బకే చిట్లే తలైతే వద్దులే అని ఆగాను." చెయ్యి చాచి ఉష తడి జుట్టులో వేళ్ళు పోనిచ్చి మాడు తడిమి చూసింది. "తల గట్టిదే. రా. పట్టు నీకు వచ్చు. కొట్టడం, దెబ్బ తినడం మేం నేర్పుతాం."

ఉష నాంచారమ్మ వైపు చూసింది. "ఓడిపోతే ఇంటికొస్తానన్నాను," అంది రాజేశ్వరితో.

లాడ్జి గదిలో ఫ్యాను తిరుగుతోంది. ముగ్గురూ నాంచారమ్మనే చూస్తున్నారు. ఆవిడ నాలుక అంగిలికి అతుక్కుపోయింది. వద్దు అనే మాట ఒక్కటే ఆవిడకి బాగా వచ్చు.

"అది ఓడిపోలేదుగా," అంది.

*

పుణె బండి వచ్చే ప్లాట్‌ఫాం మీద తెరేసమ్మ ముందే వచ్చి కూర్చుంది. రూతు పెదవి వాపు తీసింది. ఇద్దరు పిల్లలూ ఒకే ఫోనులోకి తొంగిచూస్తూ, పోటీ వీడియోలో ఆ ఎర్రటి చోటుకి వచ్చినప్పుడల్లా పగలబడి నవ్వుతున్నారు. "బామ్మగారూ, నాకూ పోస్తారా ఈసారి?" అంది రూతు. నాంచారమ్మ ఆ పిల్ల చెవి మెలేసింది.

బండి కదిలేముందు తెరేసమ్మ కళ్ళు మూసేసుకుంది. "ఎక్కారా?" అంది.

"ఎక్కారు."

"కూచున్నారా?"

"మీ పిల్ల కిటికీ పక్కన కూచుంది. మా పిల్ల తలుపు దగ్గర నిలబడింది. చెయ్యి ఊపుతోంది." నాంచారమ్మ గొంతు తడారిపోయినా చెప్తూనే ఉంది. "బండి కదిలింది. ఇంకా ఊపుతోంది. లోపలికి వెళ్ళమంటే వినదు. ఇప్పుడు కనబడడం లేదు."

రూతు ఏడాది నిండాక కొండపల్లి వచ్చేసింది, ఇప్పుడు పిల్లలకి నేర్పుతోంది. ఉష రాలేదు. ఇంకో ఏడాది ఉంటానని పుణెలోనే ఉండిపోయింది. ఆ రెండో ఏడు శ్రావణమాసంలో, వరలక్ష్మీ వ్రతం మర్నాడు శనివారం, ప్రాక్టీసులో తలకి దెబ్బ తగిలి అక్కడి ఆస్పత్రిలో చనిపోయింది.